పుట్టుకతో వచ్చిన కొలువు

1980 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్. ఊరి కరణం, మునసబు కొలువులు దాంతో రద్దయ్యాయి. రాష్ట్రమంతటా ఇరవై వేల పైచిలుకు మంది లెక్కల కట్టలు అప్పజెప్పి ఇంటికి పోవలసి వచ్చింది. వాళ్ళ చోట పదో తరగతి చదివి, పరీక్ష రాసి, రిజర్వేషన్ల వరసలో ఎంపికైన గ్రామ పాలనాధికారులు కూర్చోవాలని ఏర్పాటు. మరుసటి ఏడు ఆర్డినెన్సు చట్టమైంది. కరణాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 1982లో అక్కడా ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ఇదే పని 1984 మొదట్లో చేశాడు. తెలుగు రాష్ట్రాల్లో అది ఇప్పటికీ జనం నోట్లో ఉన్న కథ. మా హొసూరు, కృష్ణగిరి సీమ కథ మాత్రం మాలోనే ఉండిపోయింది. తమిళంలో రాసేవాళ్ళు మా తెలుగు ఊళ్ళ సంగతి పట్టించుకోలేదు, తెలుగులో రాసేవాళ్ళకు మేం పొలిమేర అవతల ఉన్నాం.

ఆ కొత్త అధికారుల్లో నేనొకణ్ణి. ఎనభైలలో చేరి, సూళగిరి చుట్టుపక్కల ఊళ్ళలో పని చేసి, యాభై ఎనిమిదేళ్ళకు దిగిపోయాను. మా తాత నీరుగంటి. ఆయన తండ్రీ నీరుగంటే. మాది మాలపల్లె.

నీరుగంటి పని ఏమిటో ఈ తరానికి చెప్పాలి. చెరువు తూము తెరిచేవాడు, మూసేవాడు అతనే. తూము బిరడా నీళ్ళ అడుగున ఉంటుంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు మునిగి దాన్ని ఎత్తాలి, మళ్ళీ మునిగి బిగించాలి. కార్తీకపు చలిలో తెల్లవారుజామున మా తాత గోచీతో తూము దిగడం నేను కట్ట మీద కూచుని చూశాను. పైకి వచ్చాక పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే, కట్ట కింద ఎండుటాకులు మంటేసి చేతులు చాపేవాడు. ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో ఆయనకు నోటికి వచ్చు. పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతు మార్చేవాడు. రెడ్డి మడి అయినా, కురుబవాళ్ళ మడి అయినా వంతు వంతే. పక్క మడివాడు గట్టు తెంపితే అడిగే హక్కు కూడా ఆయనదే. ఆ హక్కు చేలో ఉన్నంతసేపే. చేను దాటి ఊళ్ళోకి వస్తే చెప్పులు చేతిలో పట్టుకోవాలి. పదేళ్ళ పిల్లవాడు "ఒరే" అని పిలుస్తాడు, అరవై ఏళ్ళ మా తాత "సామీ" అని పలుకుతాడు. ఊరి మడులన్నిటికీ నీళ్ళు వదిలే ఆ చెయ్యి ఊరి బావి గిలకను ముట్టకూడదు. మా అమ్మ బావి దగ్గర కుండ పెట్టుకుని, ఎవరైనా దయ తలచి పోస్తారేమోనని నిలబడేది.

జీతం అంటూ ఉండేది కాదు. కళ్ళంలో రాశి కొలిచేటప్పుడు మేర ఇచ్చేవారు. ఇన్ని కొలగల రాగులు, ఇన్ని కట్టల వరి. చెరువు కింద చిన్న చెక్క మాన్యం. కమ్మరికి, వడ్రంగికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి కూడా అదే కళ్ళంలో వాటా. తలారి ఊరికి కాపలా కాసేవాడు, పన్ను కట్టనివాణ్ణి పిలుచుకొచ్చేవాడు. వెట్టి అనే తోటి చాటింపు వేయాలి, చావు కబురు పక్క ఊళ్ళకు మోయాలి, గుంత తవ్వాలి, చచ్చిన గొడ్డును లాగాలి, దండు దిగిన అధికారికి కట్టెలూ కుండలూ చేరవేయాలి. మాదిగ ఇంట్లో కపిలె బానలు కుట్టేవారు. బావి లోతు ఎంతైనా ఆ తోలు బాన లేనిదే తోటకు చుక్క నీరు రాదు. ఆ ఆయగాళ్ళ వరసకు పైన కరణం, మునసబు. కన్నడం ఎక్కువగా మాట్లాడే ఊళ్ళలో కరణాన్ని శానుభోగు అనేవారు, మునసబును గౌడు అనేవారు. ఎవరు ఏ కడుపున పుట్టారో దాన్నిబట్టి ఈ వరసలో చోటు. ఎంత పని వచ్చినా పై మెట్టు ఎక్కేది లేదు, పని రాకపోయినా కింది మెట్టు దిగేది లేదు.

ఇది అనాదిగా వస్తున్న ఆచారమని ఊరి పెద్దలు చెబుతారు. ఆచారం పాతదే. అయితే దానికి సర్కారు ముద్ర పడిన తేదీలు ఉన్నాయి. ఆ ముద్రలన్నీ పాత కాగితాల్లో నా కళ్ళతో చూశాను కాబట్టి, ఆచారం మీదికే తప్పంతా నెట్టేస్తే ఒప్పుకోలేను.

1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను బారామహలును ఈస్టిండియా కుంపిణీకి వదులుకున్నాడు. కృష్ణగిరి అందులో భాగం. పైన బాలాఘాటులో ఉన్న హొసూరు మరో ఏడేళ్ళు మైసూరు కిందే ఉండి, 1799లో టిప్పు పోయాక కుంపిణీ చేతికి వచ్చింది. బారామహలుకు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను అధికారిగా వేశారు. తిరుప్పత్తూరు ఆయన కచేరి. ఆయన కింద పని నేర్చుకున్న కుర్ర సైనికాధికారి థామస్ మన్రో. రాయలసీమలో మండ్రోలయ్య అని పేరు పెట్టుకున్నారే, ఆయనే. కడప, బళ్ళారి సీమలకు పోకముందు ఆయన ఏడేళ్ళు మా వైపు చేలగట్లు తిరిగాడు. రైత్వారీ పద్ధతి పుట్టింది ఇక్కడే. జమీందారు అడ్డం లేకుండా ఒక్కో రైతు పేరున ఒక్కో పట్టా, పొలం పొలానికీ కొలత. బాగలూరు, బేరికె, సూళగిరి, అంకుసగిరి పాళెగాళ్ళ ఊళ్ళు మాత్రం వేరే వరసలో ఉండిపోయాయి.

రైత్వారీని పుస్తకాల్లో మెచ్చుకుంటూ రాస్తారు. మెచ్చుకోదగ్గది ఉంది, కాదనను. సర్కారు రైతు గడప దాకా వచ్చి, నీ చేను ఇంత, నీ పన్ను ఇంత అని చెప్పింది. కానీ పట్టా ఎవరి పేరున రాశారు? కాడి, ఎద్దులు, విత్తనం ఉన్నవాడి పేరున. ఆ చేలో తరతరాలుగా వంగి నాటిన జీతగాడి పేరు పట్టాలో ఎక్కలేదు. పొలం కొలవాలంటే తెల్లదొరకు ఊరి లెక్క తెలిసినవాడు కావాలి, ఆ లెక్క కరణం దగ్గరే ఉంది. దాంతో కరణం మరింత గట్టిపడ్డాడు. రీడ్ దొర కచేరిలో రాసిన కాగితాలను తర్వాత మద్రాసు ప్రభుత్వం బారామహల్ రికార్డులని అచ్చు వేసింది. అందులో ఒక భాగమంతా ఇక్కడి కులాల వివరమే. ఏ కులం ఏ పని చేస్తుంది, ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగరు అన్నది సర్కారు కాగితం మీదికి ఎక్కింది.

ఆ రోజుల్లో కులాలను ఇంకో విధంగా కూడా చీల్చేవారు. కుడి చేతి కులాలు, ఎడమ చేతి కులాలు. 1800లో మైసూరు రాజ్యం తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ రెండు పట్టీలూ రాసుకున్నాడు. కుడివైపు పద్దెనిమిది, ఎడమవైపు తొమ్మిది. బలిజలు కుడి, కంసాలి కమ్మరి వడ్రంగి పాంచాలురు ఎడమ. మాలలను, హొలెయలను కుడివైపు పెట్టారు, మాదిగలను ఎడమవైపు. పెళ్ళి పందిరికి పన్నెండు గుంజలు పాతే హక్కు తమదేనని కుడివాళ్ళు పట్టుబట్టేవారు, ఎడమవాళ్ళు పదకొండుతో సరిపెట్టుకోవాలి. గుర్రమెక్కి ఊరేగడం, హనుమంతుడి జెండా పట్టడం కూడా కుడివాళ్ళ హక్కులే. ఇవి దాటితే తలలు పగిలేవి. పెద్దల పందిరి గుంజల కోసం ముందు నిలబడి కొట్టుకున్నది మాత్రం మాలలు, మాదిగలు. రెండు పల్లెలకూ ఊరి బావి ముట్టే హక్కు లేదు, కానీ ఎవరో శెట్టిగారి పందిరి కోసం ఒకరి తల ఒకరు పగలగొట్టుకున్నారు. మా తాత కూడా మాదిగ ఇంట్లో నీళ్ళు తాగేవాడు కాదు. ఆ మాట రాయడానికి నాకు సిగ్గే, కానీ రాయకపోతే ఈ లెక్క తప్పుతుంది.

ఇక 1895. మద్రాసు ప్రభుత్వం ఆ ఏడాది వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం చేసింది. మునసబు, కరణం, నీరుగంటి, వెట్టి, తలారి కొలువులన్నీ అందులో ఉన్నాయి. తండ్రి పోతే కొడుకు. కొడుకు చిన్నవాడైతే వాడి పేరు రాసిపెట్టి, పెద్దయ్యేదాకా ఇంకొకరితో పని జరిపించాలి. అంటే ఉయ్యాలలో ఉన్న బిడ్డ కరణం కావచ్చు. మా పల్లెలో ఉయ్యాలలో ఉన్న బిడ్డ నీరుగంటి కావచ్చు. అదే చట్టం ఇద్దరికీ వారసత్వం ఇచ్చింది. ఒకరికి అది ఆస్తి, మరొకరికి సంకెల.

అలాంటి మునసబు ఇంట్లోనే, 1878 డిసెంబరు 10న, హొసూరు దగ్గర తొరపల్లిలో చక్రవర్తి రాజగోపాలాచారి, అంటే రాజాజీ, పుట్టాడు. తండ్రి వెంకటార్యన్ తొరపల్లి మునసబు. పిల్లవాడు హొసూరు బడిలో చదివి బెంగుళూరు సెంట్రల్ కాలేజీకి వెళ్ళాడు, తర్వాత సేలంలో వకీలయ్యాడు. ఆ ఇల్లు ఇప్పుడు సర్కారు స్మారకం. బడిపిల్లల్ని అక్కడికి తీసుకుపోతారు, ఆయన భారతదేశపు చివరి గవర్నర్ జనరల్ అని చెప్పి తీసుకొస్తారు. కులం విషయంలో ఆయన చేసింది, చేయబోయింది రెండూ చెప్పాలి.

1917లో సేలం మునిసిపల్ అధ్యక్షుడయ్యాక అగ్రహారానికి నీళ్ళు వదిలే కొళాయి పని ఒక దళితుడికి ఇచ్చాడు. అగ్రహారం గగ్గోలు పెట్టింది, ఆయన లొంగలేదు. నీరుగంటి మనవడిగా ఆ ఒక్క పనికి నేను ఆయనకు చేతులెత్తి మొక్కుతాను. 1925 ప్రాంతంలో తిరుచానూరు గుడిలోకి వెళ్ళినందుకు ఒక దళిత భక్తుడికి శిక్ష పడితే, సహాయ నిరాకరణలో కోర్టులు వదిలేసిన ఈ వకీలు మళ్ళీ కోర్టుకెక్కి ఆయన్ను విడిపించాడు. 1939లో మద్రాసు ప్రధానిగా ఉండగా మదురై మీనాక్షి గుడి తలుపులు దళితులకు తెరుచుకున్నాయి. గుడి తెరిచినవాళ్ళ మీద దావాలు పడకుండా చట్టం చేసింది ఆయనే.

అదే మనిషి 1953లో ముఖ్యమంత్రిగా పల్లెటూరి ప్రాథమిక బడులకు కొత్త పద్ధతి పెట్టాడు. బడి రోజుకు మూడు గంటలు. మిగతా పూట పిల్లలు ఇంటి దగ్గర తండ్రి పని నేర్చుకోవాలి. బడులు చాలవు, పంతుళ్ళు చాలరు, ఒకే బడిలో రెండు జట్లకు చదువు చెప్పవచ్చు అన్నది ఆయన లెక్క. పెరియార్, ద్రవిడ పార్టీలు దానికి కులవిద్య పథకం అని పేరు పెట్టి వీధిలోకి వచ్చాయి. కాంగ్రెసులోనే తిరుగుబాటు లేచింది. 1954 ఏప్రిల్‌లో రాజాజీ దిగిపోయాడు, కామరాజు వచ్చాడు, మే నెలలో పథకం పోయింది.

రాజాజీని సమర్థించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చేతిపని నేర్పితే తప్పేముంది, గాంధీగారు చెప్పిందీ అదే కదా అంటారు. నేను వాళ్ళను ఒకటే అడుగుతాను. వెట్టి కొడుకు మధ్యాహ్నం ఇంటికి పోయి ఏ పని నేర్చుకోవాలి? గుంత తవ్వడమా, గొడ్డును లాగడమా? మునసబు కొడుకు ఆ మధ్యాహ్నం ఏం నేర్చుకుంటాడు? ఇద్దరినీ ఒకే గంటకు ఇంటికి పంపితే ఇద్దరికీ సమానమే అనిపించడం మునసబు ఇంట పుట్టిన చూపు. అంటరానితనాన్ని ఆయన మనస్ఫూర్తిగా అసహ్యించుకున్నాడు, అందులో నాకు అనుమానం లేదు. తండ్రి పని బిడ్డకు రావడంలోనే అంటరానితనం వేరు ఉందని మాత్రం ఆయనకు తోచలేదు. ఆ పథకం పదేళ్ళు నిలిచి ఉంటే నా చదువు మూడో తరగతితో ఆగేది. కామరాజు కాలంలో ఊరూరా బడి వచ్చింది, మధ్యాహ్నం అన్నం వచ్చింది. ఆ అన్నం కోసమే మా అమ్మ నన్ను బడికి తోలింది.

తండ్రి పోతే కొడుకు అన్న నియమాన్ని కోర్టులో పడగొట్టింది ఒక తెలుగు ఊరి వ్యాజ్యం. తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు కొలువు కోసం ఇద్దరు పోటీ పడ్డారు. ఒకాయన పాత మునసబు కొడుకు. రెండో ఆయన గాజుల దశరథరామారావు. 1895 చట్టం ప్రకారం కొడుకుదే హక్కన్నారు. దశరథరామారావు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. వంశం చూసి సర్కారు కొలువు ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరు 6న తీర్పు వచ్చింది. అంబేడ్కర్ పోయి సరిగ్గా నాలుగేళ్ళు. తీర్పు వచ్చినా మా ఊళ్ళలో కొలువులు ఆ ఇళ్ళు దాటలేదు. పైన తహశీల్దారు ఎవరిని వేయాలో ఊరి పెద్దలను అడుగుతాడు, పెద్దలు ఎవరి పేరు చెబుతారో మీకు తెలియనిది కాదు. ఆ వరస తెగింది 1980లో.

నేను మొదటి ఊరికి లెక్కలు తీసుకోవడానికి పోయినప్పుడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వెంట ఉన్నాడు. మాజీ కరణంగారు అరుగు మీద కూచుని ఉన్నారు. లోపలి నుంచి ఎర్రగుడ్డలో కట్టిన కట్టలు ఒక్కొక్కటే తెచ్చి అరుగు అంచున పెట్టారు. చిట్టా, అడంగలు, ఎ రిజిస్టరు, పొలాల పటాలు. నా చేతికి ఇవ్వలేదు, అంచున పెట్టారు. నేను కింద నిలబడి లెక్క చూసుకుని సంతకం చేశాను. పాత కట్టల్లో కన్నడం, తెలుగు, తమిళం మూడు రాతలూ ఉన్నాయి. కొన్ని గొలుసుకట్టు రాతలు నాకు కొరుకుడు పడలేదు. ఆయన్నే అడిగాను. "రాప్పా, చెప్తా" అన్నారు. ఆ ఏడంతా సాయంకాలాలు నేను అరుగు కింద నిలబడితే, ఆయన పైన కూచుని ఏ సర్వే నంబరు ఎప్పుడు ఎవరి చేతికి మారిందో, ఏ గట్టు మీద ఏ తగువు ఉందో చెప్పుకొచ్చారు. ఒక్క లెక్కా తప్పు చెప్పలేదు. లోపలికి రమ్మని ఒక్కసారీ అనలేదు. ఆయన ఇంట్లో ఆ కొలువు మీద వచ్చే చిన్న జీతం తప్ప వేరే ఆదాయం పెద్దగా లేదని నాకు తర్వాత తెలిసింది. కరణాలందరూ దోచుకున్నవాళ్ళు కారు. ఆ కొలువు పోతే బియ్యం డబ్బా అడుగంటిన ఇళ్ళూ ఉన్నాయి. అది చెప్పకుండా 1980ను పండగగా రాయలేను.

ఆ ఊళ్ళో నాకు అద్దెకు ఇల్లు దొరకలేదు. అధికారి ఊళ్ళోనే కాపురం ఉండాలని నియమం, ఊళ్ళో ఇల్లు ఇవ్వరు. చివరికి బడి వెనక ఒక గది చూపించారు. అయినా జమాబంది రోజున పట్టా మార్పు కోసం, ఎద్దుల అప్పుకు అడంగలు నకలు కోసం అందరూ ఆ గదికే రావలసి వచ్చింది. రెండేళ్ళకు "ఒరే" పోయింది, "సార్" వచ్చింది. మనసులు మారి వచ్చిందని నేను అనుకోను. సంతకం నా దగ్గర ఉంది కాబట్టి వచ్చింది. అలా వచ్చినా చాలు, నాకు అభ్యంతరం లేదు.

నీరుగంటి కొలువు ఎవరూ రద్దు చేయకుండానే కరిగిపోయింది. కరెంటు మోటార్లు వచ్చాయి, బోర్లు వచ్చాయి, చెరువు కింద మడులు తగ్గాయి. కపిలెలు పోయాయి, బానలు కుట్టే ఇంట్లో కత్తి తుప్పు పట్టింది. తలారి, వెట్టి కొలువులు గ్రామ సహాయకుల ఉద్యోగాలయ్యాయి. ఇంకో పక్క హొసూరులో డెబ్బయిల్లో సిప్‌కాట్ పారిశ్రామికవాడ లేచింది. 1980లో అశోక్ లేలాండ్ వచ్చింది, అదే ఏడు టీవీఎస్ మోపెడ్ హొసూరు నుంచి రోడ్డెక్కింది, 1987లో టైటన్ గడియారాలు మొదలయ్యాయి. టైటన్‌వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో చదివిన పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని ఏరి తీసుకుపోయి పని నేర్పారు. మా పల్లె పిల్లలూ, రెడ్ల పిల్లలూ ఒకే బస్సులో ఎక్కి, ఒకే క్యాంటీనులో ఒకే రకం పళ్ళెంలో తిన్నారు. ఊళ్ళో టీ అంగడిలో మాకు వేరే గ్లాసు, మేమే కడిగి బోర్లించి పోవాలి. అక్కడికి ఇరవై మైళ్ళ లోపు క్యాంటీనులో ఆ భేదం లేదు. నెల జీతం తెచ్చుకున్న కుర్రాళ్ళు ఊరికి వచ్చి ఆ గ్లాసులో తాగమన్నారు. గొడవలయ్యాయి, పోలీసులు వచ్చారు, కొన్నేళ్ళకు వేరే గ్లాసు పోయి అందరికీ కాగితం కప్పు వచ్చింది. ఇప్పుడు దెంకణికోట పక్కన టాటా ఎలక్ట్రానిక్స్‌కు, పోచంపల్లి దగ్గర ఓలాకు వేల మంది ఆడపిల్లలు పోతున్నారు. నా మాటను ఒక్క చోట ఆపుకోవాలి. ఆ ఫ్యాక్టరీల్లో, మునిసిపాలిటీలో మరుగుదొడ్లు కడిగే కాంట్రాక్టు పనికి ఎవరు పోతున్నారో చూడండి. వెట్టి ఇంటివాళ్ళే. ఆ ఒక్క కొలువు ఇంకా వారసత్వంగానే నడుస్తోంది.

ఉద్యోగంలో నేను ఎక్కువగా రాసినది భూమి లెక్క అనుకుంటారు. కుల ధ్రువీకరణ విచారణ నివేదికలూ దానికి తక్కువేం కాదు. తమిళనాడు షెడ్యూల్డు కులాల పట్టీ ఆది ఆంధ్రతో మొదలవుతుంది, తర్వాత ఆది ద్రావిడ, తర్వాత ఆది కర్ణాటక. 1922లో మద్రాసు ప్రభుత్వం పాత అవమానపు పేర్లు తీసేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లు ఒప్పుకుంది. అంతకుముందే 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర సభ జరిగింది. ఆ పేర్లు రాష్ట్రాలుగా విడిపోయిన నేలకు సరిపోతాయి. మూడు భాషలూ ఒకే వీధిలో మాట్లాడే హొసూరు సీమలో పక్కపక్క ఇళ్ళవాళ్ళు మూడు పేర్లూ రాయించుకున్నారు. పంతులు ఏది రాస్తే అది బడి పుస్తకంలో ఉండిపోయింది.

2009లో ఆ రాతకు బరువు వచ్చింది. షెడ్యూల్డు కులాల రిజర్వేషనులో అరుంధతీయులకు 3 శాతం లోపలి వాటా ఇస్తూ తమిళనాడు చట్టం చేసింది. అరుంధతీయ, చక్కిలియ, మదారి, మాదిగ, పగడై, తోటి, ఆది ఆంధ్ర అని ఏడు పేర్లు ఆ వాటాలోకి వచ్చాయి. తమిళనాడు నడుమ ఊళ్ళలో కూడా ఆ ఇళ్ళలో చాలావాటిలో ఇంటి మాట తెలుగే. ఈ అడుగు మొదట వేసింది ఆంధ్రప్రదేశే. లోపలి వాటా అడుగుతూ 1994లో మాదిగ దండోరా మొదలైంది, 2000లో ఆ వర్గీకరణకు చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తమిళనాడు ఆ తర్వాత చేసింది కాబట్టి దాని మీదా వ్యాజ్యం నడిచింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆరుగురి మాటతో వర్గీకరణ చెల్లుతుందని తేల్చింది. నేను మాలపల్లెవాణ్ణి. ఆ తీర్పు వచ్చినప్పుడు మా బంధువుల్లో కొందరు నొచ్చుకున్నారు. నేను నొచ్చుకోలేదు. బడి మెట్టు మేం ముందు ఎక్కాం, వాళ్ళు వెనక ఎక్కారు. పందిరి గుంజల కోసం మా ముత్తాతలు ఒకరినొకరు కొట్టుకున్న బాకీలో ఇది ఒక కిస్తు.

ఇన్ని మారాయి. మారనిది పెళ్ళి.

2018 నవంబరులో మా సూళగిరి పక్క ఊరివాళ్ళైన ఒక యువ జంటను హొసూరు నుంచి ఎత్తుకుపోయారు. అతను దళితుడు, ఆమె వన్నియ కులం అమ్మాయి. మూడు నెలల ముందు పెళ్ళి చేసుకుని హొసూరులో కాపురం పెట్టారు. కాళ్ళూ చేతులూ కట్టేసిన ఇద్దరి శవాలు కర్ణాటకలో శివసముద్రం దగ్గర కావేరిలో తేలాయి. అతని ఒంటి మీద అంబేడ్కర్ బొమ్మ ఉన్న చొక్కా ఉంది. దాన్ని పట్టుకునే ఆ శవం ఎవరిదో పోలీసులు కనుక్కున్నారు. అమ్మాయి తండ్రినీ బంధువులనూ అరెస్టు చేశారు. దానికి ఆరేళ్ళ ముందు, 2012 నవంబరు 7న, పక్కనే ధర్మపురి నాయక్కన్‌కొట్టాయి దగ్గర ఇలాంటి పెళ్ళి ఒక్కటి సాకుగా మూడు దళిత కాలనీలు తగలబెట్టారు. 2023 ఏప్రిల్‌లో ఊత్తంగరై వైపు అరుణపతిలో దళిత పిల్లను పెళ్ళాడాడని ఒక తండ్రి కన్నకొడుకునే నరికాడు, అడ్డం వచ్చిన సొంత తల్లినీ నరికాడు. ఫ్యాక్టరీ బస్సులో పక్కపక్కన కూచోవడానికి ఒప్పుకున్న ఊళ్ళే ఇవి.

కొలువుకు వంశం చూడకూడదని కోర్టు చెప్పగలిగింది, సర్కారు ఒక్క ఆర్డినెన్సుతో దాన్ని తీసేయగలిగింది. పెళ్ళికి వంశం చూడకూడదని ఏ ఆర్డినెన్సూ చెప్పలేదు. అది మన చేతిలోనే ఉంది. అందుకే ఈ వ్యాసం చదివే హొసూరు, కృష్ణగిరి తెలుగువాళ్ళకు, తెలుగు సంఘాల పెద్దలకు నాది ఒక్క విన్నపం. తెలుగు బడి కోసం, తెలుగు పంతుళ్ళ కోసం 2006 తమిళ చట్టం వచ్చినప్పటి నుంచి మనం ఏ కులమని అడగకుండా కలిసి తిరిగాం, కలిసి అర్జీలు పెట్టాం. కానీ పెళ్ళి పరిచయ వేదికలు పెట్టినప్పుడు నేను చూసిన దరఖాస్తుల్లో పేరు, చదువు, ఉద్యోగం తర్వాత కులం గడి ఉంది, దాని కింద ఉపకులం గడి కూడా ఉంది. ఆ రెండు గడులూ తీసేయండి. కావాలనుకున్నవాళ్ళు ఎలాగూ అడిగి తెలుసుకుంటారని నాకు తెలుసు. సంఘం పేరున అచ్చు వేసే కాగితం మీద మాత్రం ఆ ప్రశ్న ఉండకూడదు. వచ్చే ఉగాది వేదిక నుంచే ఇది మొదలుపెట్టండి. దరఖాస్తులు రాసిపెట్టే పని నాకు ఇస్తే వచ్చి కూచుంటాను.